రీమ్యాప్ చేసిన పోలోకి క్లచ్, గేర్‌బాక్స్ పని: నాలుగేళ్ల తర్వాత

నాది 2016 పోలో 1.5 టీడీఐ. కంపెనీ ఇచ్చింది 90 పీఎస్ పవర్, 230 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే ఇంజన్ తిప్పే బలం. తిరుపతిలో తిరగడానికి అదే ఎక్కువ. కానీ నెలకు రెండుసార్లు చిత్తూరు, పలమనేరు మీదుగా బెంగళూరు వెళ్లొస్తుంటే ఆశ పుట్టింది. రీమ్యాప్ చేయించాను, అంటే ఇంజన్ కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ మార్పించి బలం పెంచుకోవడం. టార్క్ 290 దాకా వస్తుందన్నాడు చేసినాయన. మూడు నెలలు నా కాలు నేల మీద లేదు.

నాలుగో నెలలో మొగిలి ఘాట్ దగ్గర తెలిసొచ్చింది. కారులో ఐదుగురం, డిక్కీ నిండా పెళ్లి సామాను. నాలుగో గేర్‌లో యాక్సిలరేటర్ తొక్కితే ఆర్‌పీఎం ముల్లు 1,800 నుంచి 3,000కి ఎగిరింది. స్పీడ్ మాత్రం 60 దాటలేదు. క్లచ్ జారుతోంది. వెనకే కాలిన వాసన. "ఎవరో టైర్లు కాలుస్తున్నట్టుందిరా" అంది మేనత్త. కాలేది నా డబ్బులని ఆమెకేం చెప్పను!

రేణిగుంట రోడ్డులో నాకు నమ్మకమైన మెకానిక్ ఉన్నాడు. గేర్‌బాక్స్ దించి, "చూడన్నా, క్లచ్ ప్లేటు అప్పడం మాదిరి అయిపోయింది" అని చేతిలో పెట్టాడు. క్లచ్ ప్లేటు ఆనుకునే ఇంజన్ చక్రం, ఫ్లైవీల్ నిండా వేడికి వచ్చిన నీలం మచ్చలు. పెద్ద గేర్‌బాక్స్ వేయించాలని లెక్కలేసుకుని వెళ్లాను నేను. తీరా విప్పి చూస్తే పళ్లు, షాఫ్టులు శుభ్రంగా ఉన్నాయి. గేర్ మార్చేటప్పుడు వేగాలు కలిపే సింక్రో రింగ్, అదీ రెండో గేర్‌ది ఒక్కటే అరిగింది, అది నా తొందర పుణ్యం. తప్పు కారుది కాదు.

గేర్‌బాక్స్‌ని తినేది పీఎస్ కాదు, టార్క్. నా కారులోది ఎంక్యూ250 రకం గేర్‌బాక్స్, ఆ 250 అది మోసే టార్క్ తరగతి. ఐదో గేర్‌లో 1,600 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ అదిమితే ఆ బరువంతా క్లచ్ మీద, పళ్ల మీద పడుతుంది. అదే పవర్‌ని 3,500 దగ్గర తీసుకుంటే పళ్ల మీద అంత ఒత్తిడి ఉండదు. ఈ సంగతి రీమ్యాప్‌కి ముందు నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

క్లచ్‌ని అదిమిపట్టే గట్టి ప్రెషర్ ప్లేటు, స్ప్రింగులున్న ఆర్గానిక్ క్లచ్ డిస్క్, కుదుపులు మింగే రెండు ముక్కల డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ బదులు ఒకే ముక్క సింగిల్ మాస్ ఫ్లైవీల్, కొత్త సింక్రో, బేరింగులు వేయించాను. లేబర్‌తో కలిపి 78 వేలు. ఆయిల్ దగ్గర మాత్రం మెకానిక్‌తో గొడవపడ్డాను. ఆయన జీఎల్-5 రకం గేర్ ఆయిల్ పోస్తానన్నాడు. అందులోని గంధకం కలిసిన రసాయనాలు ఇత్తడి సింక్రోలకు పడవు, పైగా ఆ జారుడుకి రింగులు పట్టు దొరక్క గేర్ గరగరమంటుంది. మాన్యువల్‌లో ఉన్న గ్రేడే తెప్పించి పోయించాను.

అన్నిటికన్నా పనికొచ్చింది పైసా ఖర్చు లేనిది. రీమ్యాప్ చేసినాయన్ని పట్టుకుని 2,000 ఆర్‌పీఎం లోపు టార్క్‌ని 250కి తగ్గించమన్నాను. పైన పవర్ అలాగే ఉంది. ఆ తర్వాత మొగిలి ఘాట్‌లో ఎంత లోడుతో ఎక్కినా క్లచ్ జారలేదు.

ఇక బాధలు. క్లచ్ పెడల్ బరువు. బ్రహ్మోత్సవాలప్పుడు అలిపిరి క్యూలో గంట నిలబడితే ఎడమ మోకాలు నా మాట వినదు. మా ఆవిడైతే ఈ కారు తాళం ముట్టడం మానేసింది. సింగిల్ మాస్ ఫ్లైవీల్ వల్ల న్యూట్రల్‌లో గలగల. క్లచ్ తొక్కితే ఆగిపోతుంది, వదిలితే మళ్లీ మొదలు. సిగ్నల్ దగ్గర పక్క ఆటో ఆయన "ఏం సార్, ఇంజన్ పోయిందా?" అని అడిగాడొకసారి. మళ్లీ చేయించాల్సి వస్తే డ్యూయల్ మాసే ఉంచుకుంటాను, ఖరీదెక్కువైనా సరే. తిరుమల ఘాట్‌లో ఈ అదనపు పవర్ దేనికీ కొరగాదు. టైమ్ లెక్క ఉంది కదా, ముందే చేరితే జరిమానా. దిగేటప్పుడు రెండో గేర్‌లో కారు పట్టి ఉంచుతుంది, అంతే చాలు.

పని చేయించినప్పుడు మీటర్ 68,000. ఇప్పుడు 1,31,000. మధ్యలో రెండుసార్లు గేర్ ఆయిల్ మార్చాను. మొదటిసారి అందులో మెరిసే లోహపు పొడి కొంచెం కనబడింది, రెండోసారి లేదు. ఈ మధ్య రివర్స్ వేస్తే ఒక్కోసారి కర్రుమంటోంది. వచ్చే ఆదివారం రేణిగుంట రోడ్డుకి తీసుకెళ్లాలి.