ఫీజు గంటకి, ఆట పదకొండు నిమిషాలు

బెంగళూరులో మారతహళ్లి చుట్టుపక్కల పిల్లల్ని వీకెండ్ ఆటల క్లాసులో చేర్పిద్దామనుకునే మన తెలుగువాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా. మా పాపని ఏడు నెలలుగా పంపుతున్న షటిల్ క్లాసు గురించి ఇది, దానికి ముందు ఎనిమిది నెలలు డబ్బు పోసిన ఇంకో క్లాసు గురించి కూడా. రెండింటి పేర్లూ రాయను. పాతదాని పేరు రాస్తే గొడవ, ఇప్పటిదాని పేరు రాస్తే రద్దీ. ఇందులో ఇప్పుడు బ్యాచ్‌కి 16 మంది ఉన్నారు, ఇంకో పదిమంది చేరారంటే అక్కడా లైనే.

ఆ లైన్ సంగతి ముందు చెప్పాలి. పాత క్లాసు చూడ్డానికి సూపర్. చెక్క ఫ్లోర్ కోర్టులు, వీపు మీద పేరు వేసిన జెర్సీ, కిట్ బ్యాగు, ప్రతి శనివారం వాట్సాప్‌లో స్లో మోషన్ వీడియో. నెలకి 4,200. పాపకి తొమ్మిదేళ్లు, గంట ఆడి బయటికి వచ్చేసరికి జడ చెదిరేది కాదు, చొక్కా తడిసేది కాదు. లోపల ఏసీ బాగా పనిచేస్తోంది కాబోలనుకున్నా, నిజంగా.

సంక్రాంతికి ముందు మా తమ్ముడొచ్చాడు. వాడు అనంతపురం వైపు హైస్కూల్లో పీఈటీ. చదివింది చెన్నై నందనంలోని వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాలలో, అదే 1920లో హ్యారీ క్రో బక్ మొదలుపెట్టిన కాలేజీ. ఆ మాట పెళ్లి చూపుల్లో కూడా చెప్పినవాడు కాబట్టి ఇక్కడా చెప్తున్నా. క్లాసు దగ్గర పది నిమిషాలు చూసి, "అక్కా, ఫోన్ తీసి స్టాప్‌వాచ్ పెట్టు. పాప ఆడుతుంటే ఆన్ చెయ్యి, లైన్లో నిలబడితే ఆఫ్ చెయ్యి" అన్నాడు. పెట్టా. గంటకి 11 నిమిషాల 40 సెకన్లు. ఇంకో రెండు వారాలు చూశా, పదమూడు దాటలేదు. కోచ్ ఒక్కడు షటిల్ కాక్ విసురుతుంటే పన్నెండుమంది వెనకాల వరసగా నిలబడి, ఒక్కొక్కరు మూడు కొట్టి మళ్లీ వెనక్కి పోవడం. మధ్యలో నీళ్లు, వీడియో, కాక్‌లు ఏరుకోవడం. చివర్లో ఒక ఆట పెట్టేవాళ్లు, ఔటైతే పక్కన కూర్చోవాలి. ఆట ఎవరికి తక్కువ వచ్చో వాళ్లే ముందు ఔటవుతారు, అంటే ఎవరికి ప్రాక్టీసు ఎక్కువ కావాలో వాళ్లే ఎక్కువసేపు కూర్చుంటారు. ఇది నాకు అప్పటిదాకా తట్టలేదు.

ఈ లెక్క మావాడు కనిపెట్టింది కాదు. అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో వ్యాయామ విద్య ప్రొఫెసర్ డారిల్ సీడెంటాప్, ఆయన శిష్యులు ఎప్పుడో మొదలుపెట్టారట. పీరియడ్ ఎంతసేపు అన్నది వదిలేసి, అందులో పిల్లవాడు తన స్థాయికి తగ్గ పనిని ఎక్కువసార్లు సరిగ్గా చేస్తూ గడిపిన టైమెంత అని కొలవడం. తర్వాత 1991లో మెకంజీ అనే పరిశోధకుడి బృందం సోఫిట్ అనే పద్ధతి తెచ్చింది. ఒక్కో పిల్లవాణ్ణి చూస్తూ పడుకున్నాడా, కూర్చున్నాడా, నిలబడ్డాడా, నడుస్తున్నాడా, గట్టిగా శ్రమపడుతున్నాడా అని కొన్ని సెకన్లకోసారి గుర్తు పెట్టుకుంటారు. పీఈ క్లాసులో సగం టైమైనా పిల్లలు ఓ మోస్తరుగానో గట్టిగానో ఒళ్లు కదిలించాలని అమెరికాలో సిఫార్సు. మాకు ఐదో వంతే దొరికింది.

సరే, ఇప్పటి క్లాసు. వర్తూరు వైపు, రేకుల షెడ్డు, రెండు కోర్టులు, మ్యాట్ అంచుల దగ్గర చిరిగింది. మొదటిసారి చూసి మా ఆయన ముఖం అదోలా పెట్టాడు. నెలకి 3,000, జెర్సీ లేదు. కోచ్ సార్ కన్నడాయన, మనతో తెలుగు కలిపి మాట్లాడతారు. ఆయన చేసే మొదటి పని ఒక్కో కోర్టుని నిలువునా సగానికి చీల్చి మధ్యలో కోన్లు పెట్టడం. ఒక్కో సగంలో ఇద్దరు, అంటే రెండు కోర్టుల్లో ఒకేసారి ఎనిమిదిమంది. మిగతా ఎనిమిదిమంది? ఒక్కొక్కరికి ఒక జోడీ ఉంటుంది, ఆ జోడీ ఆడుతుంటే ఒక్క విషయమే చూడాలి, కొట్టాక మళ్లీ మధ్యలోకి వచ్చిందా లేదా. నాలుగు నిమిషాలకి మారిపోతారు. పిల్లలే పిల్లలకి తప్పు చెప్పే ఈ పద్ధతి మోస్టన్ అనే వ్యాయామ విద్యా నిపుణుడు 1966లో రాసిన బోధనా శైలుల్లో ఉందని తమ్ముడు ఫోన్లో చెప్పాడు. నాకు తెలిసిందల్లా మా పాప ఇంట్లో వాళ్ల నాన్న చపాతీ చేస్తుంటే కూడా "మధ్యలోకి రా నాన్నా" అంటోంది.

నాకు బాగా నచ్చింది ఇంకోటి. పాత క్లాసులో మొదటి రెండు నెలలు రాకెట్ పట్టుకోవడం, గాల్లో ఊపడం, గోడకి కొట్టడం. ఆట చివర్లో, అదీ టైముంటే. ఇక్కడ మొదటి రోజే ఆట పెట్టేశారు. చిన్నపిల్లలకి పొట్టి రాకెట్, కిందికి దించి కట్టిన నెట్, రూలు ఒక్కటే: ఎదుటివాళ్లు లేనిచోట వెయ్యి. రెండు నిమిషాలు ఆడాక ఆపి, "ఎందుకు వెనక్కి వేశావ్?" అని అడుగుతారు. పిల్ల ఆలోచించి "వాడు ముందుకొచ్చేశాడు సార్" అంటుంది. అప్పుడు, వెనక్కి ఎత్తుగా వెయ్యడం ఎలాగో నేర్పుతారు. అవసరం ముందు, టెక్నిక్ తర్వాత. ఇంగ్లండ్‌లోని లఫ్‌బరో యూనివర్సిటీలో డేవిడ్ బంకర్, రాడ్ థోర్ప్ 1982లో చెప్పింది దాదాపు ఇదే. అప్పటి ఇంగ్లండ్ స్కూళ్లలో పిల్లలు టెక్నిక్ డ్రిల్లులు చేసి చేసి, ఆటలో ఏం చెయ్యాలో తెలియకుండానే బయటికొస్తున్నారని వాళ్ల బాధ. చిన్నప్పుడు మా ఊళ్లో డ్రిల్ పీరియడంటే మాస్టారు ఒక బంతి పారేసి చెట్టు కింద పేపరు చదువుకునేవారు, అది కూడా ఇదే పద్ధతి అనకండి, ఆయన ఎప్పుడూ ఆపి ఏమీ అడగలేదు.

ఇక్కడ స్టాప్‌వాచ్ 34 నిమిషాలు చూపించింది. అయితే ఒక మాట, నా స్టాప్‌వాచ్ కదలికని కొలుస్తుంది, నేర్చుకోవడాన్ని కాదు. గంటసేపు గ్రౌండ్ చుట్టూ పరిగెత్తిస్తే అరవై నిమిషాలూ వస్తాయి. పీఈ టీచర్లలో చాలామంది, పిల్లలు బిజీగా, సంతోషంగా, అల్లరి చెయ్యకుండా ఉంటే క్లాసు బాగా జరిగిందనుకుంటారని ప్లాసెక్ అనే పరిశోధకురాలు 1983లోనే రాసింది. బయట బెంచీ మీద కూర్చున్న మాలాంటి అమ్మానాన్నలదీ అదే లెక్క.

లోపాలు చెప్పకపోతే ఇది రివ్యూ కాదు. పెద్దది, అంతా ఆ ఒక్క మనిషి మీదే ఆధారపడి ఉంది. ఆయన టోర్నమెంటుకి పిల్లల్ని తీసుకుని వెళ్లిన రెండు ఆదివారాలు జూనియర్ కోచ్ చూశాడు, పాపం మంచి కుర్రాడే, కానీ వెంటనే లైన్ కట్టించేశాడు. 19 నిమిషాలు. సార్ తనకి తెలిసింది ఈ కుర్రాడికి నేర్పడం లేదన్నమాట. సార్‌కి నెమ్మదిగా చెప్పాను, "చూస్తా మేడం" అన్నారు, చూడలేదు.

రెండోది, మొదటి నెల నుంచే షార్ట్ సర్వ్, లాంగ్ సర్వ్, డ్రైవ్ సర్వ్ అని మూడు రకాల సర్వ్‌లూ కలిపి వేయిస్తారు. దీనికీ ఆధారం ఉంది. 1986లో గూడ్, మగిల్ అనే పరిశోధకులు బ్యాడ్మింటన్ సర్వ్‌ల మీదే ప్రయోగం చేశారు, ఒక్కో సర్వ్ విడివిడిగా చేసినవాళ్లకంటే కలగాపులగంగా చేసినవాళ్లు తర్వాతి పరీక్షలో బాగా వేశారు. కానీ అక్కడ వేసింది కాలేజీ అమ్మాయిలు. బొత్తిగా కొత్తవాళ్ల దగ్గర, చిన్నపిల్లల దగ్గర ఇలాంటి ఫలితాలు ఒక్కలా రాలేదు. మా పక్క ఫ్లాట్ బాబుకి ఆరేళ్లు, రాకెట్‌కి కాక్ తగలడమే కష్టం, వాడికి మూడు సర్వ్‌లు కలిపితే ఏడుపే. ఆ వయసువాళ్లని కొన్నాళ్లు ఒక్కదాని మీదే ఉంచొచ్చు.

బాత్రూం బాగోదు. వానొస్తే రేకుల మోతకి సార్ చెప్పేది వినపడదు, క్లాసు ఆగిపోతుంది, దానికి బదులు ఇంకో క్లాసు ఇవ్వరు. మే నెలలో అలా మూడు పోయాయి.

ఇంకా, దీన్ని చూసుకుని వారమంతా సరిపోయిందనుకోకండి. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకి సగటున రోజుకి 60 నిమిషాలు ఓ మోస్తరుగానో గట్టిగానో ఒళ్లు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది, వారానికి 420. శని ఆదివారాలు కలిపి మాకు వచ్చేది 68. మిగతాది స్కూల్లో రావాలి, ఆ పీరియడ్ పరీక్షల ముందు లెక్కలకి పోతుంది. అందుకని సాయంత్రాలు కింద పార్కింగ్‌లో తొక్కుడుబిళ్ల గీసుకుంటున్నారు, గీతలు చెరిపెయ్యమని అసోసియేషన్ వాళ్లు మెసేజ్ పెట్టారు. సుద్దముక్కతో గీసినవండీ, నీళ్లు కొడితే పోతాయి.

మీ ఏరియాలో ఏ క్లాసుకి ట్రయల్‌కి వెళ్లినా జెర్సీ, ఫ్లోర్ తర్వాత చూడండి. ఫోన్ తీసి ఒక్క పిల్లనే గంటంతా చూడండి, మీ పిల్లనే కాకపోయినా సరే. వీలైతే పెద్ద కోచ్ ఊళ్లో లేని ఆదివారం వెళ్లండి.