నెల్లూరు, ఒంగోలు ప్రెస్సుల్లో ‘ఎకో’ ముద్రణ: ఏది తీసుకోవచ్చు, ఏది వద్దు

కరపత్రాలకో శుభలేఖలకో ప్రెస్సులో కొటేషన్ అడిగితే, మామూలు రేటు పక్కన ‘ఎకో’ రేటు కూడా చెప్పే చోట్లు నెల్లూరులోనూ ఒంగోలులోనూ ఉన్నాయి. రీసైకిల్డ్ పేపరు, సోయా ఇంకు, ఎకో సాల్వెంట్ బ్యానరు, విత్తనాల శుభలేఖ అన్నీ ఆ పేరు కిందికే వస్తాయి. వీటిలో కొన్ని పెట్టిన డబ్బుకు తగ్గవే. ఒకటి రెండు మాత్రం ఉత్త పేరు. పెద్ద ఆదా అయితే వీటిలో ఎక్కడా దొరకదు. అది షీటు సైజు, కాగితం మందం, పైన వేసే పూత దగ్గరే ఉంది. ప్రెస్సువాళ్లు అడిగితే తప్ప చెప్పరు కాబట్టి ముందు ఆ సంగతి చూద్దాం.

5,000 కరపత్రాల ఆర్డరు అనుకోండి. కంప్యూటర్లో డిజైన్ చేయించుకొచ్చేవాళ్లు సాధారణంగా ఏ4లో తెస్తారు, అంటే 8.27 × 11.69 అంగుళాలు. ప్రెస్సులో వాడే డెమీ అనే సైజు షీటు 18 × 23 అంగుళాలు. పొడవు వైపు రెండు ఏ4లు పెట్టాలంటే 23.38 అంగుళాలు కావాలి, షీటులో ఉన్నది 23. ఆ కాస్త చాలక 18 × 25 షీటు ఎక్కించాల్సి వస్తుంది. అదే డిజైన్‌ను కోత అయ్యాక 8.5 × 11 వచ్చేట్టు సర్దితే డెమీలో నాలుగు నిక్షేపంగా కూర్చుంటాయి. గ్రిప్పర్‌కూ (షీటును మెషిన్ పట్టుకునే అంచు) కోతకూ పొడవులోనూ వెడల్పులోనూ అంగుళం చొప్పున మిగులుతుంది కూడా. షీటుకు 8 శాతం కాగితం తగ్గుతుంది, చేతిలో పట్టుకున్నవాళ్లకు తేడా తెలియదు.

ఇప్పుడు మందం చూడండి. ఆ ఏ4 కరపత్రాన్నే 130 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) ఆర్ట్ పేపరు (నున్నటి పూత ఉన్న కాగితం) మీద వేస్తే షీటుకు నాలుగు చొప్పున 1,250 షీట్లకు 47 కిలోల కాగితం పడుతుంది. డెమీలో 70 జీఎస్ఎం మ్యాపలిథో (పూత లేని మామూలు తెల్ల కాగితం) అయితే 23 కిలోలు దాటి కొంచెం, అంటే సగానికి సగం. రెండు వైపులా ముద్రించాలంటే 70 మీద వెనక అక్షరం ఇవతలికి కనపడుతుంది, 80కి వెళ్లాలి. అప్పుడు కూడా 27 కిలోలు దాటదు. ఒకసారి చదివి పక్కన పడేసే కరపత్రానికి, అది రొయ్యల మేత ధరల పట్టికైనా కోచింగ్ సెంటరు అడ్మిషన్ల ప్రకటనైనా, 130 ఆర్ట్ పేపరు దండగ.

మేక్ రెడీ వేస్టేజీ దీనికి అదనం. నాలుగు రంగులూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చునేదాకా పోయే షీట్లు అవి. ఆ కుదురు (రిజిస్ట్రేషన్) పట్టేదాకా పాత జాబుల చెడిపోయిన షీట్లనే ఎక్కించి, అది కుదిరాక కొత్త కాగితం వేసే మెషిన్‌మన్ ఉన్న ప్రెస్సును వదులుకోకండి. మూడొందల కాపీల లోపైతే ప్లేట్లు చేసి ముద్రించే ఆఫ్‌సెట్ జోలికే పోవద్దు. డిజిటల్లో ప్లేటూ ఉండదు, మేక్ రెడీ కూడా దాదాపు ఉండదు.

ఇక రీసైకిల్డ్ పేపరు. బిల్లు పుస్తకాలకు, లెటర్‌హెడ్లకు, ఆఫీసు ఫారాలకు కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. చిక్కంతా రంగు బొమ్మల దగ్గరే. మళ్లీ మళ్లీ గుజ్జు చేసిన కాగితంలో పీచు పొట్టిగా ఉండి, నూగు లేచి, ఇంకును కాగితం మీదికి దింపే రబ్బరు పొర అయిన బ్లాంకెట్‌కు అంటుకుంటుంది. గట్టి రంగు పరిచిన చోట తెల్లతెల్లటి చుక్కలు కనిపిస్తే కారణం అదే. వెయ్యి, రెండు వేల షీట్లకోసారి మెషిన్ ఆపి బ్లాంకెట్ తుడవాలి. ఇంకును కూడా ఎక్కువ పీలుస్తుంది కాబట్టి బొమ్మను కూర్చే చిన్న చుక్కలు ఉబ్బి బొమ్మ నల్లబడుతుంది. డిజైనర్ ఒకే చోట పడే నాలుగు రంగుల ఇంకు శాతాల మొత్తాన్ని ఆర్ట్ పేపరుకు పెట్టుకునే 300 శాతం నుంచి 260–280కి దించి, నీడల్లో మూడు రంగుల బదులు నలుపును వాడాలి. కాగితం మాత్రం మార్చి ఫైలును అలాగే పంపితే బురద బొమ్మే వస్తుంది, తప్పు కాగితానిదని అందరూ అనుకుంటారు.

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ కేటలాగు లాంటిది రీసైకిల్డ్ మీద వేయించకండి. ఆ రాయి అందమంతా కారునలుపులో మెరిసే బంగారు చుక్కల్లో ఉంది. పూత లేని కాగితం మీద ఆ నలుపు బూడిద రంగుకు దిగిపోతుంది, చుక్కలు కలిసిపోతాయి. దానికి ఆర్ట్ పేపరే వాడి, లామినేషన్ మానేసి, పేజీలు తగ్గించుకోవడం మేలు.

కొత్త గుజ్జుతో చేసిన కాగితమంటే అడవి నరికిందే అనుకునేవాళ్లున్నారు. మన దగ్గర ఆ లెక్క పూర్తిగా వేరు. ప్రకాశం మెట్ట పొలాల్లో రైతులు వేసే సుబాబుల్, జామాయిలు కర్ర లారీల్లో వెళ్లేది పేపరు మిల్లులకే. కరూరు దగ్గరి తమిళనాడు న్యూస్‌ప్రింట్ మిల్లు చెరకు పిప్పితో కూడా కాగితం చేస్తుంది. దూరం నుంచి తెప్పించిన, రెట్టింపు మందమున్న ‘రీసైకిల్డ్’ కార్డు కంటే, ఇలాంటి మిల్లు 70 జీఎస్ఎం కాగితమే చాలా పనులకు మంచి ఎంపిక. ఏ మిల్లుదో తెలియాలంటే రీము చుట్టూ ఉన్న ర్యాపర్ చూపించమనండి. పేరూ జీఎస్ఎం దాని మీదే ఉంటాయి.

ఎఫ్ఎస్సీ ముద్ర (బాధ్యతగా చూసుకునే అడవుల కర్రతో చేసిందని చెప్పే అంతర్జాతీయ గుర్తు) గురించి ఒక మాట. కాగితానికి ఆ సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన మీ కార్డు మీద ఆ చెట్టు గుర్తు వేయకూడదు. ముద్రించే ప్రెస్సుకు కూడా సొంత సర్టిఫికెట్ ఉండాలి, దాని కోడ్ బిల్లు మీద రావాలి. కోడ్ లేకుండా గుర్తు వేసిస్తామంటే అది అబద్ధపు ముద్ర.

సోయా ఇంకు, వెజిటబుల్ ఇంకు: పెట్రోలియం నూనె స్థానంలో సోయా, అవిసె లాంటి నూనెలు కలిపినవి. వాసన తక్కువ, మెషిన్ దగ్గర నిలబడేవాళ్ల ముక్కుకూ గొంతుకూ హాయి. ఆ ఒక్క కారణానికైనా తీసుకోవాల్సిందే. పాత కాగితాన్ని మళ్లీ గుజ్జు చేసేటప్పుడు కూడా తేలిగ్గా వదులుతుంది. కానీ డబ్బాలో ఉన్నదంతా సోయా కాదు, రంగు పొడి, రెజిన్ (రంగును పట్టి ఉంచే జిగురు) మామూలు ఇంకులోవే.

లోపం ఆరడంలో ఉంది. నెల్లూరుకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ తేమలో వెజిటబుల్ ఇంకు నిదానంగా ఆరుతుంది. దొంతరగా పేర్చిన షీట్లలో ఒకదాని రంగు పైదాని వీపుకు అంటుకుంటుంది. చాలాసార్లు ఇంకును తిట్టేస్తారు గానీ తప్పు నీళ్ల ట్రేలో ఉంటుంది. ప్లేటును తడిపే ఆ నీళ్ల (ఫౌంటెన్ సొల్యూషన్) పీహెచ్, అంటే పులుపు కొలత, 4.5 కంటే దిగిపోతే ఇంకును ఆరబెట్టే డ్రయర్ పనిచేయదు. 4.8 నుంచి 5.5 మధ్య ఉంచాలి, పీహెచ్ పట్టీతో పొద్దున ఒకసారి మధ్యాహ్నం ఒకసారి చూస్తే చాలు. దొంతర ఎత్తు తగ్గించాలి. కటింగ్‌కు ఒక రోజు ఆగాలి. కాగితం రీములను విప్పకుండానే ముందు రోజు మెషిన్ గదిలో పెట్టాలి. గోడౌన్ నుంచి తెచ్చి వెంటనే విప్పితే అంచులు తేమ పీల్చి అలలు తిరుగుతాయి, రంగులు పక్కకు జరుగుతాయి. నవంబరు పెళ్లిళ్ల శుభలేఖలు ఈ ఇంకుతో కావాలంటే మూడు నాలుగు రోజులు ముందే ఆర్డరివ్వండి. ‘రేపటికల్లా’ అంటే వద్దు.

మన డబ్బూ కాగితమూ ఎక్కువగా పాడయ్యేది లామినేషన్ దగ్గర. మెరిసే గ్లాసీ అయినా మెరవని మ్యాట్ అయినా అది ప్లాస్టిక్ ఫిల్మే. కార్డును ఒక మూల చింపి చూడండి: కాగితం చిరిగిపోయాక కూడా పలచటి పొర సాగుతూ వేలాడితే ఫిల్మ్ వేసినట్టు. ఆ పొర గుజ్జులో కరగదు, పాత కాగితాలవాళ్లు అలాంటిది విడిగా పెట్టేస్తారు. దీనికి బదులు నీటితో చేసిన ఆక్వియస్ వార్నిష్ అడగండి. గీతలు పడకుండా కాపాడుతుంది, చేతికి రంగు అంటదు, కాగితం మళ్లీ గుజ్జవుతుంది. పూత ఉన్న కాగితం మీదే అందం. మ్యాపలిథో మీద వేస్తే లోపలికి ఇంకిపోయి డబ్బు వృథా. వానాకాలంలో ఇదీ అంటుకుంటుంది, చిన్న దొంతరలే పెట్టించాలి. ఫిల్మ్ లేని మందపు అట్టను మడిస్తే మడత మీద రంగు పగులుతుంది. అందుకని మడవకముందు క్రీజింగ్ (మడత గీతను నొక్కడం) తప్పనిసరి, మడత కాగితం గ్రెయిన్ (పీచు సాగిన దిక్కు) వెంట రావాలి. పిల్లల పుస్తకాల అట్టలు, హోటల్ మెనూలు రోజూ తడుస్తాయి. వాటికి లామినేషన్ ఒప్పుకోవచ్చు.

శుభలేఖల మీద, మిఠాయి డబ్బాల మీద చుట్టే ప్లాస్టిక్ ఫిల్మ్ 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం. ‘ప్యాకింగ్ నీట్‌గా ఉంటుంద’ని ఎవరైనా చుట్టిస్తే మీరే వద్దనండి.

మిఠాయి డబ్బాల విషయంలో మాత్రం రీసైకిల్డ్ అనే మాటకు లొంగొద్దు. వెనక బూడిద రంగున్న డూప్లెక్స్ బోర్డు పాత కాగితాలతో చేసింది. పాత న్యూస్‌పేపర్ల ఇంకు నూనెల అవశేషాలు అందులో ఉంటాయి. మలైకాజా లాంటి నెయ్యి కారే మిఠాయి నేరుగా ఆ బూడిద వైపు తగిలితే అవి తిండిలోకి దిగుతాయి. లోపల ప్లాస్టిక్ పొర అతికించిన బోర్డు ఈ బెడదను ఆపుతుంది గానీ డబ్బా ఇక చెత్తకుప్పకే. బయటి డబ్బాకు డూప్లెక్స్ ఉంచి, లోపల నాలుగు వైపులా పైకి వచ్చేంత గ్రీజ్‌ప్రూఫ్ బటర్ పేపరు విడిగా పరవడం అన్నిటికంటే మంచి పద్ధతి. బటర్ పేపరు తీసేస్తే డబ్బా శుభ్రంగా పాత కాగితాల్లోకి పోతుంది. ముద్రణ బయటివైపే ఉండాలి, ఇంకు ఆహార ప్యాకింగ్ ప్రమాణం ఐఎస్ 15495కు తగినదని ప్రెస్సు చేత బిల్లు మీద రాయించుకోవాలి.

బ్యానర్ల దగ్గర పేరు మోసం ఎక్కువ. ‘ఎకో సాల్వెంట్’ అంటే ఇంకు వాసన, ఆవిరి తక్కువని మాత్రమే అర్థం. గుడ్డ అదే పీవీసీ ప్లాస్టిక్ ఫ్లెక్స్. చింపి ఊరి చివర తగలబెడితే హైడ్రోజన్ క్లోరైడ్, డయాక్సిన్లు గాలిలోకి పోతాయి. 100 మైక్రాన్ల కంటే పలచని పీవీసీ బ్యానర్లను కేంద్ర నిబంధనలు 2022 జులై 1 నుంచి నిషేధించాయి, మామూలు ఫ్లెక్స్ అంతకంటే మందం కాబట్టి ఆ గీతకు అవతల తప్పించుకుంటోంది. ‘ఎకో’ పేరుతో దీనికి పైసా ఎక్కువ ఇవ్వొద్దు.

‘క్లాత్ బ్యానర్’ అన్నా వెంటనే సంతోషపడొద్దు. అంచు నుంచి ఒక దారం లాగి అగ్గిపుల్ల చూపించండి. కాగితం కాలిన వాసనొచ్చి, వేళ్ల మధ్య నలిపితే మెత్తటి బూడిదైతే నూలు. ముడుచుకుని కరిగి నల్లటి గట్టి గుండులా మిగిలితే పాలియెస్టర్, అంటే మళ్లీ ప్లాస్టిక్కే. సబ్లిమేషన్ ప్రింటు (వేడితో రంగును గుడ్డలోకి ఎక్కించేది) అని చెప్తే అగ్గిపుల్ల కూడా అక్కర్లేదు, ఆ రంగు నూలు మీద నిలవదు. నూలు గుడ్డ మీద నాలుగైదు మాటలూ ఒక గుర్తూ చాలనుకుంటే స్క్రీన్ ప్రింటింగ్‌లో ఖాదీ పేస్టుతో (గుడ్డ మీద వాడే చిక్కటి రంగు) వేయించండి. రంగు ఆరాక వేడి పట్టించారో లేదో అడగండి, అది చేయకపోతే మొదటి వానకే కారిపోతుంది. గుడ్డ చీరాల మార్కెట్లో తాను లెక్కన కొని ప్రెస్సుకు ఇచ్చుకుంటే చౌక. నూలు తడిస్తే బరువెక్కి సాగుతుంది కాబట్టి పైనా కిందా కర్ర దూర్చే మడత కుట్టించాలి. ముఖాల ఫొటోలు కావాలనేవాళ్లకు ఇది పనికిరాదు. తేదీ వేయకుండా బళ్లో, దేవస్థానంలో ఏటా కట్టుకునేలా రాయిస్తే మాత్రం దీన్ని మించింది లేదు.

విత్తనాల శుభలేఖ ముచ్చటైనదే. బంతి, తులసి గింజలు కలిపి చేతితో తీసిన కాగితం, 200 జీఎస్ఎం అటూ ఇటూ. ఆఫ్‌సెట్ రోలర్ల మధ్య గింజ నలుగుతుంది, బ్లాంకెట్ పాడవుతుంది. లేజర్ ప్రింటర్ వేడికి గింజ చస్తుంది. స్క్రీన్ ప్రింటింగే దారి, అందులోనూ ఒకటి రెండు రంగులే కుదురుతాయి. వానాకాలంలో బీరువాలో పెడితే బూజు పడుతుంది. వంద కార్డులకు సరే, వెయ్యి కార్డులకు వద్దు. మందం వల్ల కాగితం బరువే రెట్టింపవుతుంది, కుండీలో వేసేవాళ్లు కొందరే.

చివరిగా మెషిన్ వెనక సంగతి. అల్యూమినియం ప్లేట్లు ఎలాగూ పాత సామాన్లవాళ్లకు బరువు లెక్కన పోయి మళ్లీ కరుగుతాయి. ప్లేటు కడిగిన డెవలపర్ గాఢమైన క్షారం, అది కాలవలోకి పోతోందా, డ్రమ్ములో పడుతోందా అడగండి. ప్రాసెస్‌లెస్ (డెవలపర్‌తో కడగక్కర్లేని) ప్లేట్లు ఇచ్చే సీటీపీ సెంటర్ (కంప్యూటర్ నుంచి నేరుగా ప్లేటు తీసే చోటు) నుంచి తెప్పించుకుంటే ఆ ద్రవమే ఉండదు. బ్లాంకెట్‌ను కిరోసిన్, పెట్రోలుతో తుడవడం ఇంకా చాలాచోట్ల ఉంది. కూరగాయల నూనెతో చేసిన వాష్ దీనికి బదులు పనిచేస్తుంది, కానీ త్వరగా ఆవిరి కాదు. తుడిచాక తడిగుడ్డతో ఇంకోసారి తుడిచి తీరాలి, లేకపోతే తర్వాతి యాభై షీట్లు పలచగా వస్తాయి.

ఆర్డరు కాగితం మీద కోత తర్వాతి సైజు, జీఎస్ఎం, మిల్లు పేరు, ‘ఫిల్మ్ లేదు’ అన్న మాట విడివిడిగా రాయించండి. ప్రూఫ్‌ను మీరు ఎంచుకున్న కాగితం మీదే చూపించమనండి. తళతళలాడే ఫొటో పేపరు మీద చూసి సరేనంటే, మ్యాపలిథో మీద వచ్చిన రంగుకు తర్వాత ఎవరితోనూ తగవు పెట్టుకోలేం.