ఇంట్లో కలుపుకున్న బట్టల సబ్బు పొడి: నాలుగేళ్ల వాడకం తరువాత

నాలుగేళ్ల క్రితం బట్టల పొడి కొనడం మానేసి ఇంట్లోనే కలుపుకోవడం మొదలుపెట్టినప్పుడు నా ఉద్దేశం ఖర్చు తగ్గించుకోవడమే. రసాయనాల మీద భయం గానీ, సహజమైన వస్తువుల మీద ప్రత్యేకమైన మోజు గానీ నాకు లేవు. నలుగురం ఉన్న ఇంట్లో వారానికి ఐదారు విడతలు యంత్రం తిరుగుతుంది; పొడి డబ్బా అడుగంటినప్పుడల్లా ‘అప్పుడే అయిపోయిందా’ అనుకోవడం మాకు మామూలైపోయింది. కనుక ఈ సమీక్షను కూడా ఖర్చు వైపు నుంచే రాస్తున్నాను. డబ్బు మిగిలిన మాట నిజమే గానీ, మిగిలింది నేను అనుకున్నంతా కాదు, అనుకున్న కారణం వల్లా కాదు.

నేను కలిపిన పొడిలో కొత్తదనమేమీ లేదు. తురిమిన సబ్బు, చాకలి సోడా, వెలిగారం (బోరాక్స్), ఈ మూడూ సమానమైన తూకంలో కలిపి, విడతకు 30 గ్రాముల చొప్పున వేసేవాడిని. సబ్బు బిళ్లను విప్పిన రోజే తురిమితే ముద్ద ముద్దగా వచ్చి తురుముపీటకు అతుక్కుంటుంది. పైకాగితం తీసి, రెండు వారాలు గాలి తగిలేచోట ఉంచి, బిళ్ల అంచులు తెల్లబారి గట్టిపడ్డాక తురిమితే పొడిగా రాలుతుంది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. సబ్బు అని పిలిచే ప్రతి బిళ్లా సబ్బు కాదు. వాటిలో కొన్ని డిటర్జెంటును బిళ్లగా అచ్చు వేసినవే. అనుమానం వచ్చినప్పుడు చిన్న ముక్కను వేడినీళ్లలో కరిగించి కాస్త వెనిగర్ పోసి చూసేవాడిని. అసలైన సబ్బయితే ఆమ్లం తగలగానే కొవ్వు ఆమ్లాలు విడిపోయి నీళ్లు పాలలా తెల్లబడతాయి, డిటర్జెంటు అయితే అలా విరగదు.

మొదటి ఏడెనిమిది నెలలు నేను చాలా సంతోషంగా గడిపాను. నురగ తక్కువగా వచ్చేది గానీ, మురికి వదలడానికి నురగే కొలమానం కాదని తెలుసు కనుక దాన్ని లెక్కచేయలేదు. చొక్కాల కాలర్ల మీది జిడ్డు తేలిగ్గా వదిలేది. కొన్న పొడుల ఘాటైన వాసన పోయి, బట్టలకు ఏ వాసనా లేకుండా ఉండడం ఇంట్లో అందరికీ నచ్చింది. ఆ సమయంలో ఈ సమీక్ష రాసి ఉంటే పూర్తిగా మెచ్చుకుంటూ రాసి ఉండేవాడిని. ఇలాంటి పొడులను పొగిడే అనుభవాలు చాలావరకు రెండు మూడు నెలలకే రాసినవి కావడం యాదృచ్ఛికం కాదని ఇప్పుడు అనిపిస్తోంది, ఎందుకంటే అసలు సమస్య పైకి కనబడడానికి అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది.

సమస్యను ముందుగా పట్టించినవి తువ్వాళ్లు. ఆరిన తువ్వాలును మడత పెడుతుంటే అట్టముక్కలా నిలబడేది. స్నానం చేసి వచ్చి ఒళ్లు తుడుచుకుంటే నీటిని పీల్చుకోకుండా ఒంటి మీదే అటూ ఇటూ పూసేది. ‘ఇది తుడుచుకోవడానికా, గీరుకోవడానికా?’ అని మా అమ్మ ఒకరోజు అడిగింది. అదే కాలంలో తెల్లచొక్కాల మీద బూడిదరంగు ఛాయ ఒకటి మొదలైంది. విడిగా చూస్తే తెలియదు, కొత్త చొక్కా పక్కన పెడితే దాచలేము. ఆ ఛాయలో కొంత భాగం ఒక భ్రమ తొలగిపోవడం వల్ల వచ్చినదే. కొన్న పొడుల్లో సాధారణంగా అతినీలలోహిత కాంతిని పీల్చుకుని నీలి వెలుగుగా వదిలే పదార్థాలు ఉంటాయి, తెల్లబట్ట మరింత తెల్లగా కనిపించేది వాటివల్లే. అవి నా పొడిలో లేవు. అయితే తువ్వాళ్ల బిరుసుకు ఆ కారణం సరిపోదు.

ఒక తువ్వాలును పెద్ద బకెట్టులో బాగా వేడినీళ్లు పోసి, చాకలి సోడాతో పాటు కొన్న డిటర్జెంటు కొంచెం కలిపి, నాలుగు గంటలు నానబెట్టాను. అది అంతకుముందు రోజే ఉతికి ఆరేసిన తువ్వాలు. నీళ్లు చల్లారాక చూస్తే బియ్యం కడిగిన నీళ్లకు మసి కలిసినట్టుగా ఉన్నాయి, బకెట్టు అంచు చుట్టూ వేలితో గీస్తే వచ్చేంత మందాన జిగటైన తెట్టు కట్టింది. ఎనిమిది నెలల సబ్బు అందులో ఉంది.

ఆ తెట్టు పుట్టుక రసాయన శాస్త్రంలో అందరూ చదువుకున్నదే, నేనూ చదువుకున్నదే. కఠిన జలంలో ఉండే కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి నీటిలో కరగని పదార్థంగా మారి బట్ట మీద దిగుతాయి. అది ఎంత మొత్తంలో జరుగుతుందో మాత్రం నేను ఎప్పుడూ లెక్క కట్టలేదు. పరీక్ష పట్టీతో చూస్తే మా నీటి కాఠిన్యం, కాల్షియం కార్బొనేటు లెక్కన, లీటరుకు 200 మిల్లీగ్రాముల దరిదాపుల్లో తేలింది. మాది పైనుంచి బట్టలు వేసే యంత్రం కనుక ఒక్క ఉతుకుకే 50 లీటర్ల దాకా నీళ్లు తీసుకుంటుంది. ఒక్కో కాల్షియం అయాను రెండు సబ్బు అణువులను పట్టుకుంటుంది కాబట్టి, మురికి జోలికి వెళ్లకముందే ఆ నీళ్లు మింగేయగల సబ్బు దాదాపు 60 గ్రాములు, కొబ్బరి నూనెతో చేసిన సబ్బయితే 45 గ్రాముల వరకు. నేను వేసే 30 గ్రాముల పొడిలో సబ్బు 10 గ్రాములే. అంటే సోడా అనేది లేకపోతే నేను బట్టలను సబ్బుతో ఉతకడం లేదు, తెట్టుతో పూత పూస్తున్నానన్న మాట.

సోడా ఉన్నచోట లెక్క మారుతుంది. అంతే కాల్షియాన్ని సుద్దగా మార్చి సబ్బు దారిలోంచి తప్పించడానికి కాగితం మీద 10 నుంచి 11 గ్రాముల చాకలి సోడా చాలు. నా పొడిలో 10 గ్రాములు ఉంది కనుక బొటాబొటిగా సరిపోవాలి. అయితే రెండు విషయాల్లో పొరబడ్డాను. మొదటిది, సోడానూ సబ్బునూ ఒకేసారి నీళ్లలో వేయడం. సోడా తన పని నెమ్మదిగా చేస్తుంది, చన్నీళ్లలో ఇంకా నెమ్మదిగా. సబ్బు అయితే కాల్షియం కనబడగానే అతుక్కుపోతుంది. ఆ పోటీలో సోడా గెలిచే అవకాశం తక్కువ, పైగా మెగ్నీషియం మీద దాని ప్రభావమే అంతంతమాత్రం.

రెండవ పొరపాటు ఇంకా సిగ్గుపడవలసినది. మొదట కొన్న సోడా సన్నని తెల్లపొడి. అది అయిపోయాక మరొక చోట దొరికినది పటికముక్కల్లా అద్దంలా మెరిసే పలుకులు. రెండూ చాకలి సోడాయే కనుక అదే తూకం కొనసాగించాను. మూత సరిగా పెట్టని డబ్బాలో ఆ పలుకులు వారం తిరిగేసరికి పైపైన తెల్లని పిండిగా మారడం చూసి కూడా నాకు వెంటనే వెలగలేదు. పలుకుల సోడాలో ప్రతి అణువూ పది నీటి అణువులను పట్టుకుని ఉంటుంది. గాలికి ఆ నీరే వదిలిపోతుంది. తూకంలో దాదాపు 63 శాతం నీరే. 100 గ్రాముల పొడి సోడాకు బదులు 270 గ్రాముల పలుకులు వేయాలి. నేను వేసిన 10 గ్రాముల్లో పనిచేసే సోడా నాలుగు గ్రాములు కూడా లేదు. ఇంట్లో చేసుకోవాలనుకునే వారికి నా అనుభవంలోంచి ఒక్కటే చెప్పమంటే ఈ తేడానే చెబుతాను, ఎందుకంటే కొలతలు చెప్పేవారు ఏ సోడా అన్నది చాలాసార్లు చెప్పరు. పొడి సోడా దొరకనివారు వంట సోడాను పొయ్యి మీద బాగా వేడిచేసి చాకలి సోడాగా మార్చుకోవచ్చు. కార్బన్ డయాక్సైడు, నీటి ఆవిరి వెళ్లిపోయి బరువు మూడో వంతుకు పైగా తగ్గుతుంది. బరువు తగ్గడం ఆగితే మార్పు పూర్తయినట్టు. నేను ఒకసారి చేసి చూశాను గానీ, దానికయ్యే ఇంధనంతో కలిపి చూసుకుంటే గిట్టలేదు.

ఈ లెక్కల తరువాత అమెరికాలో 1946లో టైడ్ వంటి కృత్రిమ డిటర్జెంట్లు వచ్చి సబ్బు పొడులను ఎందుకు పక్కకు నెట్టాయో నాకు కొత్తగా అర్థమైంది. అంతవరకు అది వ్యాపారుల లాభాపేక్ష అనుకునేవాడిని. వాటిలోని శుభ్రపరిచే అణువు కాల్షియంతో సబ్బులా తెట్టు కట్టదు, ఆ మిగిలిన కాల్షియాన్ని పట్టి ఉంచడానికి ఫాస్ఫేట్లను కలిపారు. అంటే నేను తప్పించుకోవాలనుకున్న సరుకు, నేను తెచ్చిపెట్టుకున్న సమస్యకు పరిష్కారంగా పుట్టినదే.

తప్పు తెలిశాక పద్ధతి మార్చాను. ముందు సోడాను మాత్రం గోరువెచ్చని నీళ్లలో కరిగించి యంత్రంలో పోసి, పది నిమిషాలు తిప్పి ఆపి, ఆ తరువాత వేడినీళ్లలో కరిగించిన సబ్బును పోసేవాడిని. తెల్లచొక్కాల పరిస్థితి గణనీయంగా మెరుగుపడింది. తువ్వాళ్లు కొంతవరకే బాగుపడ్డాయి. ఉతికిన నీళ్లను ఎంత మెత్తబరిచినా జాడించడానికి వచ్చేవి మళ్లీ కొత్త కఠిన జలమే; బట్టలో మిగిలిన సబ్బు ఆ దశలో తెట్టుగా మారుతుంది. తువ్వాలు పోగుల్లో మిగిలే సబ్బు ఎక్కువ కనుక దానికే దెబ్బ ఎక్కువ. యంత్రం లోపలి సంగతి కూడా అదే. బాగుచేయడానికి వచ్చిన మనిషి డ్రమ్ము విప్పి చూపించినప్పుడు దాని వెనక వైపు మైనం పూసినట్టుంది. సబ్బు పొడి వాడినట్టు నేను చెప్పకముందే అతను కనిపెట్టేశాడు.

తువ్వాళ్లకు వెనిగర్ వాడమని చాలామంది సలహా ఇచ్చారు. సబ్బు నీళ్లలోనే వెనిగర్ పోయడం మాత్రం పని చెడగొట్టుకోవడమే. అది సోడాను తటస్థం చేస్తుంది, పైన చెప్పిన పరీక్షలో లాగే సబ్బును విరగ్గొడుతుంది. చివరి జాడింపులో కొద్దిగా వేస్తే మిగిలిన క్షారం పోయి బట్ట కాస్త మెత్తబడుతుంది. క్లోరిన్ బ్లీచింగు వాడే బట్టల దగ్గరకు వెనిగర్‌ను అసలు తేకూడదు, విషవాయువు వెలువడుతుంది. ఉన్ని, పట్టు బట్టల మీద ఈ పొడిని నేనెప్పుడూ వాడలేదు, క్షారం ఆ పోగులను తినేస్తుంది కనుక. వెలిగారాన్ని రెండో ఏడాది మధ్యలో మానేశాను. సంతాన సామర్థ్యానికి హాని చేసే స్వభావం కారణంగా ఐరోపా సమాఖ్య 2010లో దాన్ని తీవ్రంగా పట్టించుకోవలసిన పదార్థాల జాబితాలో చేర్చింది. అది లేకపోయినా ఉతుకులో నాకు తేడా కనిపించలేదు, ఇంట్లో చిన్నపిల్లవాడూ ఉన్నాడు.

సబ్బును కూడా ఇంట్లోనే వండితే ఇంకా మిగులుతుందన్న ఆశతో మూడుసార్లు ప్రయత్నించాను. కిలో కొబ్బరి నూనెకు సుమారు 180 గ్రాముల కాస్టిక్ సోడా పడుతుంది. నీళ్లలో కాస్టిక్ సోడాను కొద్దికొద్దిగా వేయాలి తప్ప దాని మీద నీళ్లు పోయకూడదు, కళ్లద్దాలూ చేతి తొడుగులూ లేకుండా మొదలుపెట్టకూడదు. ఇంత జాగ్రత్త పడినవాడిని, రెండోసారి పొరపాటున అల్యూమినియం గరిటెతో కలిపాను. ద్రావణం ఒక్కసారిగా బుసబుస పొంగి గరిటె నల్లబడింది. ఆ పొంగు హైడ్రోజన్ అని గుర్తొచ్చి కిటికీలు తెరిచి దూరంగా నిలబడ్డాను. సబ్బు బాగానే వచ్చింది గానీ, చిల్లరగా కొన్న నూనె ఖర్చే అంత సబ్బును దుకాణంలో కొంటే అయ్యే ఖర్చును మించిపోయింది.

ఇక డబ్బు సంగతి. మొదట్లో నేను వేసుకున్న లెక్క ప్రకారం విడతకు అయ్యే ఖర్చు మూడో వంతుకు పడిపోయింది. మూడో ఏడాదిలో, పోలిక సరిగా ఉండాలని, కొన్న పొడిని కూడా తూచి చూశాను. మేము ఇదివరకు తలకట్టుగా ముంచి పోసే కొలగిన్నెలో 90 గ్రాములు పడుతోంది. మా నీటికీ, మా బట్టల బరువుకూ ఆ పెట్టె మీద రాసిన కొలత 50 గ్రాములే. నా పొడి 30 గ్రాములకు అయ్యే ఖర్చు కొన్న పొడి 30 గ్రాముల ఖర్చుకు దాదాపు సమానం. అంటే 90 నుంచి 30కి తగ్గిన ఖర్చులో 40 గ్రాముల మేర కేవలం తూకం చూసి వేయడం వల్ల వచ్చేదే, దానికి సబ్బు తురమనక్కరలేదు. మిగిలిన 20లో, సోడా పెంచడానికీ, నీళ్లు వేడి చేయడానికీ, రెండోసారి జాడించడానికీ సగం పోయింది. నెలకు గంటసేపు తురమడం, నాలుగు తువ్వాళ్లు మార్చడం ఇందులో కలపలేదు.

ప్రస్తుతం యంత్రంలో వేసే బట్టలకు కొన్న పొడినే తూచి వాడుతున్నాను. నీళ్లలో ముందుగా చెంచాడు సోడా వేస్తే కొన్న పొడిని ఇంకొంచెం తగ్గించినా తెలుపు చెడడం లేదు. ఇంటి సబ్బు బకెట్టు ఉతుకుకు మిగిలింది. పది లీటర్ల నీళ్లకు రెండు గ్రాముల సోడా సరిపోతుంది, నీళ్లు తక్కువ కనుక వృథా అయ్యే సబ్బూ తక్కువ, చేత్తో రుద్దే పనికి బిళ్ల అనువుగానూ ఉంటుంది. కాళ్లు తుడుచుకునే పట్టలు, నేల తుడిచే గుడ్డలు, జిడ్డు కాలర్లు దానితోనే ఉతుకుతాను. నీళ్లు సహజంగా మెత్తగా ఉన్న ఇళ్లవారు ఇదే పొడిని యంత్రంలో నాకంటే చాలా ఎక్కువ కాలం హాయిగా వాడుకోగలరు. సీసాలో నీళ్లు పోసి, చిటికెడు సబ్బు తురుము వేసి గిలకొడితే, నిలబడే నురగ వస్తుందో పెరుగు విరిగినట్టు పలుకులు తేలతాయో ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. తురుముపీట కొనడానికి ముందే నేను చేసి ఉండవలసిన పరీక్ష అది.