క్రిస్టల్ లేకుండా ఆరేళ్లు: ఏటీమెగా 328పి లోపలి ఆసిలేటర్‌తో నా అనుభవం

మేడ మీద ట్యాంకు నిండగానే మోటారు ఆపే పెట్టె ఒకటి మా ఇంట్లో ఆరేళ్లుగా నడుస్తోంది. లోపల ఏటీమెగా 328పి అనే మైక్రోకంట్రోలర్ చిప్. చిప్ వేగాన్ని కచ్చితంగా నిలిపే క్వార్ట్జ్ క్రిస్టల్ లేదు, చిప్‌లోనే ఉండే 8 మెగాహెర్ట్జ్ ఆర్‌సీ ఆసిలేటరే (రెసిస్టర్, కెపాసిటర్‌తో నడిచే క్లాక్) దిక్కు. మొదట్లో నేనూ నమ్మలేదు. కానీ క్రిస్టల్ తీసేస్తే రెండు పిన్నులు మిగులుతాయి. ఒకటి ఫ్లోట్ స్విచ్‌కి, ఒకటి బజర్‌కి సరిపోయాయి. ఆ ఆశకే ఇటు వచ్చాను.

కొత్త చిప్ పెట్టగానే ఎల్‌ఈడీ నత్తనడకన వెలిగింది. క్లాక్‌ని 8 తో భాగించే ఫ్యూజు (చిప్‌లో దాచిపెట్టే సెట్టింగు) ఫ్యాక్టరీలోనే వేసి పంపుతారు కాబట్టి చిప్ 1 మెగాహెర్ట్జ్ మీద లేస్తుంది. 'లో' ఫ్యూజు అనే సెట్టింగులో హెక్స్ అంకె 62 ని ఈ2 చేస్తే పూర్తి 8 వస్తుంది. ఆ హడావిడిలో ఒకసారి పొరపాటున బయటి క్రిస్టల్ ఫ్యూజు వేశాను. చిప్ ఉలుకూ పలుకూ లేదు. ఇంకో బోర్డు నుంచి ఎక్స్‌టాల్1 పిన్నుకి (క్రిస్టల్ తగిలించే పిన్ను) క్లాక్ ఇస్తే బతికింది.

అసలు పరీక్ష ఏప్రిల్‌లో మొదలైంది. మేడ మీది పెట్టె నుంచి వంటింట్లో డిస్‌ప్లేకి 9600 బాడ్‌లో (సెకనుకి 9600 బిట్లు) సీరియల్ తీగ వేశాను. పొద్దున అంతా బాగానే ఉండేది. మధ్యాహ్నం రెండయ్యేసరికి డిస్‌ప్లే మీద పిచ్చి గీతలు. తీగని తిట్టుకున్నాను, సోల్డర్ మళ్లీ వేశాను. తప్పు వాటిది కాదు. ఆసిలేటర్ వేగానికి ఫ్యాక్టరీ సర్దుబాటు 3 వోల్టులు, 25 డిగ్రీల దగ్గర, అదీ 10 శాతం అటూ ఇటూ. వోల్టేజీ మారినా, ఎండ పెరిగినా వేగం కదులుతుంది. సీరియల్ మాత్రం రెండు శాతం మించి తేడా ఉంటే ఒప్పుకోదు. 115200 బాడ్ సంగతి మర్చిపోండి: క్లాక్ కచ్చితంగా 8 మెగాహెర్ట్జ్ ఉన్నా భాగహారంలోనే 3.5 శాతం తప్పొస్తుంది.

మందు ఓఎస్‌సీకాల్ రిజిస్టర్‌లో ఉంది, ఆసిలేటర్ వేగాన్ని సర్దే అంకె ఉండేది అందులోనే. వంటింటి బోర్డుకి క్రిస్టల్ ఉంది కాబట్టి అది నిమిషానికోసారి 'యు' అక్షరం పంపుతుంది. ఆ అక్షరంలో సున్నాలు, ఒకట్లు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి, ఒక్కో బిట్టు 104 మైక్రోసెకన్లు. మేడ మీది చిప్ దాన్ని కొలుచుకుని ఓఎస్‌సీకాల్‌ని ఒక్కో మెట్టు జరుపుకుంటుంది. కార్లలో భాగాలు మాట్లాడుకునే లిన్ బస్ అనే తీగ పద్ధతి చేసే పనీ ఇదే. ఒక్కసారిగా పెద్ద అంకె రాయకండి. వేగం రెండు శాతం మించి ఎగిరితే చిప్ ఏం చేస్తుందో చెప్పలేం. ఆ తర్వాత మూడు వేసవులు గడిచాయి, గీతలు మళ్లీ కనబడలేదు.

టైమ్ చూపించే పనికి మాత్రం దీన్ని పెట్టొద్దు. ఒక్క శాతం తేడా అంటే రోజుకి 14 నిమిషాల 24 సెకన్లు. ఉదయం ఆరింటికి మోటారు వేయాలని పెట్టుకుంటే వారంలో అది ఎప్పుడు లేస్తుందో దానికే తెలియాలి. ఆ పనికి డీఎస్3231 అనే గడియారం చిప్ కొన్నాను.

బ్యాటరీ మీద నడిచే వాటికి ఇప్పటికీ నా ఓటు దీనికే. కరెంటు ఆదా చేసే గాఢనిద్ర నుంచి ఆరు క్లాకుల్లో (టిక్కుల్లో) లేస్తుంది. క్రిస్టల్ అయితే కుదురుకోవడానికి 16 వేల క్లాకులు ఆగాలి, అంటే 8 మెగాహెర్ట్జ్ దగ్గర రెండు మిల్లీసెకన్లు. కుండీలో తడి చూసే సెన్సార్‌కి అసలు పని అంతకన్నా తక్కువే.

కొత్త బోర్డు గీసేటప్పుడు క్రిస్టల్‌కి చోటు మాత్రం వదులుతాను. 2019లో కొన్న క్రిస్టళ్ల పొట్లం ఇంకా సగం కూడా అవ్వలేదు.