క్యూఐ ఎక్కడి నుంచి చూడాలి? ఫ్రై కాలమా, టాక్స్‌విగ్ కాలమా?

తిరుపతిలో నా దగ్గర క్విజ్‌లు ఆడే పిల్లలు ఈ మధ్య ఒకటే అడుగుతున్నారు. "సార్, క్యూఐ ఏ సిరీస్ నుంచి మొదలుపెట్టాలి? పాతాయన బాగుంటాడా, కొత్తామె బాగుంటుందా?" క్యూఐ అంటే బ్రిటన్‌లో బీబీసీ టీవీ కామెడీ క్విజ్. యూట్యూబ్‌లో దాన్ని నడిపిన ఇద్దరి క్లిప్పులూ కలగాపులగంగా వస్తాయి కాబట్టి ఈ అనుమానం మామూలే. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి నోరు నొచ్చింది, ఇక్కడ రాసేస్తున్నా.

2003లో మొదలైన ఆ ఆటలో సిరీస్‌కో ఇంగ్లీషు అక్షరం. స్టీఫెన్ ఫ్రై 'ఏ' నుంచి 'ఎమ్' దాకా నడిపాడు. 26లో 13, సరిగ్గా సగం. 2016లో ఎన్ అక్షరంతో శాండీ టాక్స్‌విగ్ ఆట నడిపే ఆ కుర్చీలోకి వచ్చింది. పక్క కుర్చీలో ఎప్పుడూ జవాబులు చెప్పే అలన్ డేవిస్ మాత్రం కదల్లేదు. ఈ చివరి సంగతి గుర్తుంచుకోండి, దానితో పనుంది.

ఫ్రై గొప్పతనం నోట్లో ఉంది. ఒక మాట పట్టుకుంటే దాని పుట్టుక, దాని మీద ఓ బూతు జోకు, మధ్యలో ఓ గ్రీకు పదం, మళ్లీ మొదటికి. ప్రశ్నలను తవ్వి తీసేది తెర వెనక ఉండే పరిశోధకులే అయినా, చూసేవాళ్లకు అంతా ఆయన తలలోంచే వస్తున్నట్టుంటుంది. అవధానాలకు వెళ్లేవాళ్లకు ఇది చటుక్కున అర్థమవుతుంది. ఫ్రై అవధాని, డేవిస్ అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడు. ఒకరు ఎంత గంభీరంగా ఉంటే రెండోవారి అల్లరి అంత పండుతుంది.

టాక్స్‌విగ్ అవధాని కాదు, కావాలని కూడా చూడదు. అంతకుముందు 2006 నుంచి 2015 వరకు బీబీసీ రేడియోలో ద న్యూస్ క్విజ్ నడిపిన మనిషి. నలుగురి చేత మాట్లాడించడం ఆమెకు అలవాటైన పని. పెళ్లింట్లో అందరినీ బంతిలో కూర్చోబెట్టి, ఎవరికేం కావాలో చూసుకుంటూ తానూ నవ్వే పిన్ని లాంటిది. ఫ్రైకి ఇచ్చినదాంట్లో 40 శాతమే తనకు ఇస్తున్నారని 2018లో బయటపెట్టింది కూడా. అది వేరే గొడవ అనుకోండి, కానీ ఎవరు మేలు అని తూకం వేసేటప్పుడు తెలిసి ఉండటం మంచిది.

నాకు తేల్చేది మాత్రం ఇవేవీ కాదు. తప్పు జవాబు వచ్చినప్పుడు ఆ కుర్చీలో ఉన్న మనిషి దాన్ని ఏం చేస్తారన్నదే. కామెడీ క్విజ్‌కు పెట్టుబడి తప్పు జవాబే. భూమికి చందమామలు ఎన్ని అని ఫ్రై అడిగితే, మన పసిపిల్లలు కూడా చెప్పేట్టు "ఒకటి" అన్నాడు డేవిస్. షో లెక్కలో రెండు. హారన్ మోగింది, మార్కులు పోయాయి. ఆ తప్పు లేకపోతే నవ్వూ లేదు, రెండో చందమామ కథా లేదు.

నేను కొన్నేళ్ల కిందట ఒక స్కూల్లో క్విజ్ పెట్టాను. శ్రీకాళహస్తి ఏ నది ఒడ్డున ఉంది? ఓ కుర్రాడు బజర్ కొట్టి "పాలారు" అన్నాడు. "బాబూ, నువ్వు పొరపాటున వేలూరు బస్సెక్కినట్టున్నావే" అన్నాను. హాలంతా గొల్లుమంది. నాకూ భలే అన్నాననిపించింది. ఆ పిల్లవాడు మాత్రం మిగతా రౌండ్లలో బజర్ ముట్టుకోలేదు. తర్వాత టీ దగ్గర వాళ్ల టీచరు చెప్పింది, వాడిది కుప్పం వైపని. పాలారు తమిళనాడులోకి దిగేది అటునుంచే. వాడికి తెలిసిన నది అది. "పాలారు ఎందుకన్నావు నాయనా?" అని ఒక్క మాట అడిగి ఉంటే స్వర్ణముఖితో పాటు పాలారు కథ కూడా హాలుకు తెలిసేది.

ఆ రోజు నేను చేసింది ఫ్రై పని. నాకు అబ్బింది ఎగతాళే, ఆయన ప్రేమ కాదు. డేవిస్‌ను ఎన్నిసార్లు ఏడిపించినా ఆయన కళ్లలో ముద్దు కనిపిస్తుంది, దానికితోడు డేవిస్‌కు పడటం తెలుసు. మొదటిసారి వచ్చిన అతిథి అలా కాదు. కొన్ని పాత ఎపిసోడ్లలో కొత్తవాళ్లు వైవా రూములో ఉన్నట్టు బిగుసుకుపోయి కూర్చుంటారు. టాక్స్‌విగ్ వచ్చాక "అదెలా అనిపించింది?" అన్న మాట ఎక్కువ వినపడుతుంది. చురుకు కాస్త తగ్గింది, నిజమే. జవాబు చెప్పే ధైర్యం పెరిగింది.

మూడో దారి ఒకటుంది. శాశ్వతంగా ఎవరూ వద్దు, వారానికొకరు. హ్యావ్ ఐ గాట్ న్యూస్ ఫర్ యూ అనే ఇంకో బ్రిటిష్ టీవీ కామెడీ క్విజ్‌లో, దాన్ని నడిపే యాంగస్ డేటన్‌ను 2002లో తీసేశాక అదే చేశారు. తర్వాత బ్రిటన్ ప్రధాని అయిన బోరిస్ జాన్సన్ కూడా ఆ కుర్చీలో కూర్చున్నవాడే. ఇద్దరు కెప్టెన్లు స్థిరంగా ఉన్నారు కాబట్టి నడుస్తోంది. నాకైతే వారం వారం అద్దెకు వచ్చేవాళ్లతో చనువు కుదరదు.

మన కోటీశ్వరుడి ఆటను ఇందులో కలపకండి. 2014లో నాగార్జున, 2017లో చిరంజీవి, 2021లో పేరూ ఛానలూ మారి ఎన్టీఆర్. అక్కడ తప్పు జవాబుకు డబ్బు పోతుంది, నవ్వు రాదు. పోలికకు దగ్గరగా వచ్చేది మన నగరి రోజా గారే. 2022లో మంత్రి అయ్యి ఆమె జబర్దస్త్ జడ్జి కుర్చీ వదిలితే "ఇంక ఏం చూస్తాం లే అబ్బా" అన్నవాళ్లు మా వీధిలో చాలామంది. స్కిట్ల టీములు ఉన్నాయి, షో నడిచింది. డేవిస్ సంగతీ అంతే.

నా మాట వింటే ఎన్ నుంచి ఓ నాలుగు ఎపిసోడ్లు చూడండి, ఆట రుచి తెలుస్తుంది. తర్వాత వెనక్కి వెళ్లి ఏ నుంచి తీరిగ్గా చూసుకోండి. మా మేనల్లుడికి ఇదే చెప్పాను. "పో మామా, కథ మధ్యలోంచి ఎవరన్నా చూస్తారా?" అని ఏ నుంచే మొదలుపెట్టాడు. నిన్నటికి ఎఫ్ దాకా వచ్చాడు.