ఆసు పోసిన చీర: పోచంపల్లిలో కొన్న పట్టు ఇక్కత్

"పొద్దున్నుంచి ఆసులో కండెలా తిరుగుతున్నావు, కాసేపు కూర్చోవే" అనేది మా అమ్మమ్మ. మా అమ్మాయిని నేనూ అలాగే అంటాను. కానీ నలభై ఆరేళ్లు వచ్చేదాకా ఆసు, అంటే నేతకి ముందు దారం పోసే మేకుల చట్రం, ఎలా ఉంటుందో చూడలేదు. పోయిన దసరాకి పోచంపల్లిలో ఒక నేతవాళ్ల ఇంట్లో చీర కొన్నప్పుడు చూశాను.

వంగపండు రంగు మీద తెల్ల గళ్ల డిజైన్, 9,000 రూపాయలు. ఇప్పటికి ఐదుసార్లు కట్టాను. పట్టు మెత్తగా ఉంది, కుచ్చిళ్లు చక్కగా నిలుస్తాయి. డిజైన్ అంచులు కాస్త చెదిరినట్టుంటాయి, అది లోపం కాదు. ఇక్కత్‌లో దారానికి ముందే రంగు అద్ది నేస్తారు కాబట్టి అలా వస్తుంది. వెనక్కి తిప్పి చూసినా రంగు ముందువైపులాగే ఉంటుంది. ప్రింటు చీర వెనక వెలిసిపోయినట్టుంటుంది. కొనేటప్పుడు ఇది తప్పకుండా చూడండి.

ఇక ఆసు. అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు, వాటికి ఎదురుగా ఒకే ఒక్క మేకు. పేక దారాన్ని, అంటే నేతలో అడ్డంగా వేసే దారాన్ని, ఆ ఒక్కదాని నుంచి ఒక్కో మేకుకీ వేసి మళ్లీ వెనక్కి తేవాలి. ఒక్క చీరకి చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. నాలుగైదు గంటల పని, ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్లే చేస్తారు. గుర్తులు పెట్టి, రబ్బరు ముక్కలు కట్టి, రంగులో ముంచడం ఆ తర్వాతే. చింతకింది మల్లేశం అనే నేతన్న, ఈ పని చేసే వాళ్లమ్మ భుజాల నొప్పి చూడలేక 1999లో లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు. దానికి గంటన్నర చాలు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. నేను వెళ్లిన ఇంట్లోనూ యంత్రమే ఉంది. పాత చెక్క ఆసు గోడకి ఆనించి ఉంటే, ఆ ఇంటావిడ "చూస్తవా అక్కా" అని కింద పరిచి పది నిమిషాలు చేత్తో పోసి చూపించింది. ఆ చేతి వేగం చూశాక గానీ అమ్మమ్మ మాట నాకు తెలిసిరాలేదు.

నచ్చనివి రెండున్నాయి. జాకెట్టు ముక్క 70 సెంటీమీటర్లే, మోచేతి దాకా చేతులు పెట్టించుకుందామంటే చాలలేదు. అసలు పట్టేనని చెప్పే సిల్క్ మార్కు చీటీ కూడా లేదు. టెన్షన్ పడి ఇంటికొచ్చాక కొంగు పోగు ఒకటి కాల్చి చూశాను. వెంట్రుక కాలిన వాసన వచ్చింది, బూడిద పొడిగా రాలింది. అసలు పట్టే. మొదటిసారి డ్రై వాష్‌కే ఇవ్వమన్నారు, ఇచ్చాను, రంగు దిగలేదు.

ఉగాదికి మా చెల్లికి ఇంకోటి నేయమని అక్కడే చెప్పాను, జాకెట్టుకి మీటరు ఉంచమని.