సింకోనానా, మారువోకానా? ముందు టెంపరేచర్ చూడండి

ప్రాజెక్టుల సీజన్ వస్తే చాలు, ఎమ్మెస్సీ పిల్లలు ఒకరి తర్వాత ఒకరు అడుగుతారు: "సార్, గ్లైసిన్ ఇమైన్ ఆల్కైలేషన్‌కి సింకోనా క్యాటలిస్ట్ మేలా, మారువోకాదా?" గ్లైసిన్ ఇమైన్‌కి కొత్త గొలుసు తగిలించి, అద్దపు బొమ్మల జంటలో ఒక్క రూపపు అమైనో ఆమ్లాన్నే రాబట్టే రియాక్షన్ అది. నీళ్ల పొరకీ ద్రావణి పొరకీ మధ్య వారధిగా పనిచేసే ఫేజ్ ట్రాన్స్‌ఫర్ క్యాటలిస్టులు ఇవి రెండూ: ఒకటి సింకోనా చెట్టు బెరడు పదార్థాల నుంచి, రెండోది మారువోకా అనే రసాయన శాస్త్రవేత్త చేసింది. అప్పటికే పేపర్లు చదివి, ఈఈ (రెండు రూపాల్లో కావలసింది ఎంత శాతం ఎక్కువ వచ్చిందో చెప్పే లెక్క) ఎక్కువున్న దాని మీద మనసు పడి ఉంటారు.

ఈఈ ఒక్కటే చూస్తే మారువోకాదే పైచేయి. 1999లో వచ్చిన ఆ బైనాఫ్తైల్ స్పైరో లవణం 1 మోల్ శాతంతోనే (వంద అణువులకు ఒకటి) ఈఈని 90 శాతం దాటిస్తుంది. బీటా హైడ్రోజన్లు (నైట్రోజన్ నుంచి రెండో కార్బన్ మీద ఉండేవి) లేవు కాబట్టి గాఢ క్షారంలో హాఫ్‌మన్ ఎలిమినేషన్ (క్షారం దెబ్బకు క్యాటలిస్టే విరిగిపోవడం) బెడద ఉండదు. దాని ఆర్, ఎస్ రూపాలు రెండూ అచ్చంగా అద్దంలో బొమ్మలే. సింకోనా బెరడులోని జంట సింకోనిడిన్, సింకోనిన్ అలా కావు, అందుకే రెండు వైపులా ఈఈ సమానంగా రాదు. అయితే మారువోకాదాన్ని బైనాల్ అనే మూలపదార్థం నుంచి చేసుకోవాలంటే స్టెప్పులు చాలానే ఉన్నాయి. కొందామంటే ధర చూసి గైడ్ మొహం మాడుతుంది.

సింకోనాకి ఒక పూట చాలు. సింకోనిడిన్, 9-క్లోరోమిథైల్ ఆంత్రసీన్ కలిపి టోలుయిన్‌లో రిఫ్లక్స్ చేసి, చల్లార్చి, ఈథర్‌లో పోస్తే లవణం దిగుతుంది. వడగట్టుకోవడమే. ఈ ఆంత్రసీన్ లవణాలను 1997లో లైగో, కోరీ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు ఎవరికి వారు బయటపెట్టారు. కోరీ పద్ధతిలో సీజియం హైడ్రాక్సైడ్, డైక్లోరోమీథేన్, మైనస్ 60 నుంచి మైనస్ 78 డిగ్రీలు. ఈఈ బ్రహ్మాండం, కానీ రాత్రంతా డ్రై ఐస్ కాపలా ఎవరు కాస్తారు?

లైగోది టోలుయిన్, 50 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్, రూమ్ టెంపరేచర్. ఆ రూమ్ ఇంగ్లండ్‌లోది! మే నెలలో బెజవాడలో మా ఫ్లాస్కు 38 చూపించింది. గంటల తరబడి తిరిగి తిరిగి స్టిరర్ ప్లేటు కూడా వెచ్చబడింది. రెండు రూపాలనూ విడదీసి చూపే కైరల్ కాలమ్ మీద రెండో పీక్ (అక్కర్లేని రూపానిది) ఎంత లేచిందో చూశాక అదే రియాక్షన్‌ని ఐస్ ముక్కలు వేసిన నీళ్ల తొట్టిలో, 20 దాటకుండా మళ్లీ పెట్టాం. రెండో పీక్ సగానికి పైగా తగ్గింది. క్యాటలిస్ట్ అదే, సీసా అదే.

స్టిరింగ్ కూడా అశ్రద్ధ చేయొద్దు. టోలుయిన్, క్షారపు నీళ్లు రెండు పొరలూ మజ్జిగ చిలికినట్టు కలవాలి, చిన్న మాగ్నెట్ పెడితే కింది పొర కదలదు.

 

నా ఓటు సింకోనాకే, లైగో పద్ధతికే. ఈఈ 95 దాటి తీరాలి, క్యాటలిస్ట్ మాత్రం చిటికెడే వాడాలి అంటే మారువోకా కొనండి. లేదంటే సింకోనాతో ఫిబ్రవరిలోనే మొదలుపెట్టండి. మే దాకా ఆగితే ముందు ఐస్ ఎక్కడ దొరుకుతుందో కనుక్కోండి.